పూలకుండీతో మాట్లాడేవాళ్ళు

బొమ్మకి నోరొచ్చిన ఏడు
ఏక్రన్ ఊరు ఊరంతా చెవి కోసుకుంది.
మా మేనత్త ఒట్టిలీకి చెవులు
ముత్యాల దిద్దులు పెట్టుకోవడానికే.
నాలుగో ఏట వచ్చిన జ్వరం
మిగతాదంతా పట్టుకుపోయింది.

పగలు రబ్బరు ఫ్యాక్టరీలో
టైరుని చేత్తో తడిమి పగులెక్కడో చెప్పేది.
శుక్రవారం రాత్రి సినిమా చూసి
తెల్లారేసరికి పేపరాఫీసు తలుపు సందులోంచి
రెండు పేరాలు లోపలికి తోసేది.
ఎనిమిదేళ్ళు.
సమీక్ష రాసే మనిషికి వినపడదని
ఎడిటర్ క్రౌడర్‌కి అనుమానమే రాలేదు.
తెర మీద అచ్చుముక్కలు అందరికీ ఒక్కటే.
మూల కూర్చుని పియానో వాయించే హల్డాని
అత్త, హాలుకి కాపలా అనుకునేది.

ఇప్పుడు అచ్చుముక్కలు పోయాయి.
హల్డా లాండ్రీలో చేరింది.
అత్త నన్ను వెంటబెట్టుకెళ్ళడం మొదలెట్టింది.

నాకు పదకొండేళ్ళు.
టికెట్లు ఆవిడవి, వేరుశెనగలు ఆవిడవి,
వేళ్ళు నావి.
చీకట్లో ఆవిడ అరచెయ్యి నా మోకాలి మీద
పలకలా తెరుచుకుని ఉండేది.
తెర మీద ఎవరేమన్నా
అక్షరం అక్షరం అందులో పెట్టాలి.

హీరో రెండు నిమిషాలు మాట్లాడాడు.
‘పెళ్ళి చేసుకోమంటున్నాడు’ అని పెట్టాను.
‘ఇంకా అంటూనే ఉన్నాడుగా?’
‘మళ్ళీ అదే.’
అత్త నవ్వింది. తన నవ్వు ఎంత పెద్దదో
తనకి తెలీదు. ముందు మూడు వరసలు వెనక్కి తిరిగాయి.

ఆ వారం రాసింది:
“ఈ చిత్రంలో ముగ్గురు ఒక పూలకుండీని ప్రేమించారు.
భర్త దానితోనే అబద్ధమాడాడు,
భార్య దానికే మొరపెట్టుకుంది.
ఒక్కరూ రెండడుగులు అవతలికి కదిలితే ఒట్టు.
నిరుడు ఇదే నటి కిటికీ దాకా వెళ్ళి,
బయటికి చూసి, తిరిగొచ్చింది.
ఆ నడక కోసం మూడుసార్లు టికెట్టు కొన్నాను.”

క్రౌడర్ చీటీ పంపాడు:
కుండీలో మైకు దాచారని భలే పసిగట్టావు!
అత్త నా చేతిలో అడిగింది: ‘మైకంటే?’

నవంబరులో ఒక రాత్రి గ్రామఫోను ప్లేటు గాడి తప్పింది.
మంచం మీద ఒక తల్లి చనిపోతోంది.
ఆవిడ పెదాలు కదిలాయి,
వాటిలోంచి బట్లరు బొంగురు గొంతు:
“భోజనం సిద్ధం, అయ్యగారూ.”

హాలు పగిలిపోయింది.
నేనూ పొట్ట పట్టుకున్నాను, వేరుశెనగలు నేల పాలు.
ఎంతసేపటికో చూద్దును కదా,
నా మోకాలి మీద ఆ చెయ్యి ఇంకా తెరిచే ఉంది.
అత్త పక్కవాళ్ళ నోళ్ళకేసి ఒకసారి చూసింది,
తెరకేసి తిరిగింది,
ఇక ఎటూ చూడలేదు.
దీపాలు వేసేసరికి దిద్దుల దాకా తడిసి ఉంది ముఖం.

శనివారం పేపర్లో:
“ఊరెందుకు నవ్విందో నాకు తెలియదు.
ఆ తల్లి ఒక్క మాటైనా అనకుండా,
దుప్పటి అంచుని రెండు మడతలు పెట్టి వెళ్ళిపోయింది.
పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరేసి
పనికి బయల్దేరే మనిషిలా.”

ఉత్తరాలు సంచీ నిండా వచ్చాయి.
క్రౌడర్ స్వయంగా మా మెట్లెక్కి వచ్చి
తలుపు కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు.
పై వారం నుంచి ఇంకెవడో రాశాడు.
వాడికి రెండు చెవులూ దివ్యంగా పనిచేసేవి.
మైకులూ, గొంతులూ అన్నీ రాసేవాడు.
చేతులు ఏం చేస్తున్నాయో
ఒక్క వారమైనా రాసిన పాపాన పోలేదు.

తప్పు నాది.
ఆ రాత్రి ట్రాములో, కిటికీ ఆవిరి మీద
అత్త వేలితో రాసి అడిగింది:
‘చివర్లో ఏమంది?’

ఆవిరి తుడిచి,
ఆవిడ చెయ్యి లాక్కుని పెట్టాను:
‘ఏమీ అనలేదు.’

అత్త తలూపింది.
‘నాకూ అలాగే అనిపించింది.’